ఆరున్నొకటి

పోయినవి ముందు రాస్తాను. పంతొమ్మిది సాయంత్రాలు. ఒక అకౌంటు. అరచేయంత కంప్యూటర్ పెట్టె ఒకటి. దాని పేరు లాభం. అందులోని మెమరీ కార్డు ఒకటి. టీవీకి తగిలించే కేబుళ్లు రెండు. మొదటిది దానంతట అదే పాడయింది, రెండోది కోపంలో నేనే తెంపాను. పదకొండేళ్ల స్నేహం. ‘లెక్కల బావా’ అన్న పిలుపు. అలా పిలిచేవాడు ఒక్కడే. ఇక మా అన్నయ్య కదులుతూ కనిపించే నిమిషాలు. అవి ఎన్నో చివర రాస్తాను. ఆ అంకె దగ్గరే ఆ స్నేహితుడు నాకు దొరికిపోయాడు.

ఆయన పోయాడని మొన్న కూరగాయల కొట్టు దగ్గర విన్నాను. కొట్టతను తక్కెడలో వంకాయలు పోస్తూ, “మీ బావ పోనాడట గదండీ. నరసన్నపేటలో, కూతురింటికాడ. తెలీదేటి?” అన్నాడు. తెలియదన్నాను. ఇంటికి వచ్చాక వంకాయల్లో సగం పుచ్చులని మా ఆవిడ తిట్టింది. ఏరకుండా తెచ్చానట. ఏరానో లేదో నాకే గుర్తు లేదు.

నాకు ఆయన బావ కాడు. బొబ్బిలిలో సగం మందికి ఆయన బావే. టీవీలు బాగుచేసేవాడు, తర్వాత కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఎప్పుడు చూసినా మెడలో చుట్టగా చుట్టిన తీగ, చెవి మీద టెస్టరు. వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు పెట్టుకునేవాడు దాన్ని. ఇంట్లోకి వచ్చి ముందు మనుషులను పలకరించేవాడు కాదు. టీవీ నెత్తి మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూసి, “ఏటమ్మా, ఏటైనాది? అన్నం తిన్నేదా?” అని దాన్ని అడిగేవాడు. ఆ తర్వాత మా వైపు తిరిగి, “ఏటీ నేదు, అలిగినాది” అనేవాడు. టీ ఇస్తే సగం తాగి స్టూలు కింద పెట్టి మరిచిపోయేవాడు. ఆయన వెళ్లాక ఆ సగం గ్లాసును వెతికి తీయడం మా ఇంట్లో ఒక పని.

రిపేరు చేసే పద్ధతి కూడా సగమే. ఏది పాడైనా, “సగం పీకు” అనేవాడు. సగం తీగలు పీకి చూడాలి. తప్పు ఇంకా ఉంటే మిగిలిన సగంలో ఉన్నట్టు. అందులో మళ్లీ సగం పీకాలి. నేను పదో తరగతితో ఆగిపోయి, జనపనార మిల్లు వేబ్రిడ్జి దగ్గర లారీల తూకం రాస్తూ లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ పద్ధతి చూసి ముచ్చటపడ్డాను. పదహారు తీగల్లో తప్పును నాలుగు సార్లకు పట్టుకోవచ్చునని కాగితం మీద వేసి చూపిస్తే, “ఓలప్పా! నానిన్నాళ్లూ లెక్కలు సేస్తన్నానేటి?” అని పగలబడి నవ్వాడు. అప్పటినుంచి నేను లెక్కల బావను.

ఆయన నమ్మిన మాట ఇంకొకటి ఉంది. “తప్పు మనకాడే ఉంటాది బావా. ముందు మన తీగ సూసుకోవాల. ఊర్ని తరవాత అనాల.” ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్క పెట్టలేదు. పెట్టవలసింది.

ఆయనకు నేను నేర్పింది ఒక్కటే: వస్తువులకు నంబర్లు వేయడం. ఎవరి ఇంటి అడాప్టరు ఎవరికి ఇచ్చాడో తెలియక రోజూ తిట్లు తినేవాడు. తెల్ల టేపు, స్కెచ్ పెన్ను ఇచ్చి కూర్చోబెట్టాను. మొదటి అడాప్టరు మీద ఒకటి వేయమంటే ‘లాభం’ అని రాశాడు. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు బాగానే వేశాడు. తర్వాతి దాని మీద ఆరు వేసి, పక్కన కూడిక గుర్తు పెట్టి, ఒకటి వేశాడు.

“ఇదేమిటి బావా?”

“ఆరున్నొకటి.”

“ఏడు అని రాయొచ్చుగా?”

“ఊరుకో. మా బాబు కల్లంలో కుంచం పట్టి ధాన్యం కొలిసినోడు. లాభంతో మొదలెట్టి, ఆరయ్యాక ఆరున్నొకటి అనీవోడు గానీ ఆ మాట ఒక్కనాడూ అన్నేదు. అంటే రైతింట్లో ఏడుపే గదేటి.”

“అంకె మీద అంకె రాస్తే లెక్క చెడుతుంది.”

“నీ లెక్క సెడితే సెడనీ, ఆళ్ల ఇల్లు సెడకూడదు” అని, ఎనిమిది వేసుకుంటూ పోయాడు. ధాన్యం కొలిచే పాతవాళ్ల నోట ఈ మాట నేనూ విన్నాను. ప్లాస్టిక్ అడాప్టరు మీద దాన్ని రాసినవాణ్ణి మాత్రం ఆయన్నే చూశాను.

మా అన్నయ్య వీణలు చేసేవాడు. నాకు ఉలి పట్టడం చేతకాలేదు. అందుకే అంకెలు పట్టుకున్నాను. అన్నయ్య పోవడానికి ముందు ఏడాది ఎవరో కెమెరాలతో వచ్చి రెండు రోజులు ఆయన పని చిత్రీకరించారు. తర్వాత వాళ్లూ మాట్లాడలేదు, మేమూ మరిచిపోయాం. అన్నయ్య గుండెనొప్పితో పోయిన మూడేళ్లకు, ఆ చిత్రం ఒక యాప్‌లో ఉందని, నెలాఖరు దాకే ఉంటుందని తెలిసింది. చందా కట్టి ఫోనులో చూశాను. ఇరవై మూడో నిమిషం నిండగానే మా అన్నయ్య వస్తాడు. పనస మొద్దులోంచి తొలిచిన వీణ కుండ మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, నవ్వి, “ఇది ఇంకా పచ్చిగా ఉన్నాది, మాటాడదు” అంటాడు. ముప్ఫయ్యో నిమిషం నిండగానే వెళ్లిపోతాడు. అన్నయ్య గొంతు ఉన్నది, అన్నయ్య కదిలేది ప్రపంచంలో అదొక్కటే.

వదిన మా దగ్గరే ఉంటుంది. షుగరు వల్ల ఆమె కళ్లు పాడయ్యాయి. వానలు వెళ్లేసరికి ఎంత చూపు మిగులుతుందో చెప్పలేనని విజయనగరంలో కళ్ల డాక్టరు అప్పటికే చెప్పేశాడు. ఫోను ఆమె చేతికిచ్చి ఆ చోటు పెట్టాను. ముక్కుకు ఆనించుకుని చూసి, “ఇది పనస చెక్కేటి, మీ అన్నేటి?” అంది. ఫోను తీసుకున్నాను.

ఆమెకు పెద్ద తెర కావాలి. మా టీవీ పెద్దదే గానీ పాతది, దాంట్లో యాప్‌లు రావు. ఫోనును కేబుల్‌తో తగిలిస్తే తెర నల్లబడింది. వెనక వీధిలో కొత్తరకం టీవీ ఉన్నవాళ్లను అడుగుతానంటే వదిన ఒప్పుకోలేదు. “పరాయోళ్ల హాల్లో కూకొని ఏడవమంటావేటి నన్ను?”

అప్పుడు బావను పిలిచాను.

విషయం చెబితే చెవి మీది టెస్టరు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎవరైనా పోయారని చెప్పినప్పుడు చేసేవాడు అలా. వదిన ముందు కింద కూర్చుని, “అక్కా, నీ మొగుణ్ణి నీ కళ్ల ముందర కూకోబెడతాను, నాది పూచీ” అన్నాడు. మర్నాడు సాయంత్రం అరచేయంత కంప్యూటర్ పెట్టె ఒకటి తెచ్చి టీవీ వెనక తగిలించాడు. దాని మీద తెల్ల టేపు, టేపు మీద ‘లాభం’. యాప్‌లో పెట్టడానికి అకౌంటు పాస్‌వర్డు అడిగాడు. చీటీ మీద రాసి ఇచ్చాను. మడిచి టెస్టరు కవరులో దాచుకున్నాడు.

పనిచేయలేదు. ఈ వీడియోకు రక్షణ ఉందని, ఆడించలేమని వచ్చింది. ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పాడు: “బొమ్మ తాళమేసి పంపుతారు బావా. తాళంచెవి ఏరేగా వస్తాది. మన పెట్టెని ఆళ్లు నమ్మితేనే సెవి ఇస్తారు. నమ్మించాల.” నేను ఒక నోటుపుస్తకం తెరిచాను. ప్రయత్నం నంబరు, ఏమి మార్చాం, ఏమి వచ్చింది, మూడు గడులు. మూడు సాయంత్రాల్లో ముప్ఫై ఒక్క వరసలు నిండాయి, అన్నీ తప్పులే. నాలుగో సాయంత్రం తెర మూలన ఉన్న తేదీ చూశాను. పంతొమ్మిది వందల డెబ్భై, జనవరి ఒకటి.

“బావా, ఈ పెట్టె ఇంకా మనం పుట్టలేదనుకుంటోంది.”

దానిలో గడియారానికి బ్యాటరీ ఉండదట. కరెంటు తీస్తే కాలం మరిచిపోతుంది. తేదీ తప్పుంటే తాళంచెవి ఇవ్వరు. సరిచేశాం. ఆయన నన్ను గట్టిగా కావలించుకుని, “నువ్వు తూకాల కాడ కూకోవాల్సినోడివి కాదు బావా!” అని వంటింట్లోకి వినిపించేలా అరిచాడు. మా ఆవిడ పకోడీలు వేసింది. ఆ సాయంత్రం మాటెత్తితే ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది నాకు. అది కూడా పోయినవాటిలో రాయాలేమో.

తర్వాత మాట వచ్చింది, బొమ్మ రాలేదు. తెరంతా నలుపు, లోపలినుంచి మాత్రం అన్నయ్య గొంతు, “ఇది ఇంకా పచ్చిగా ఉన్నాది, మాటాడదు.” వదిన పెరట్లోంచి చేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది. నల్ల తెర ముందు కూర్చుని చివరిదాకా విని, “కరెంటు పోయినప్పుడు మాటాడినట్టున్నాడు. దీపం ఎట్టండి, సూస్తాను” అంది. బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ కన్నీళ్లు అబద్ధమని నేను ఇప్పటికీ అనలేను. అదే నన్ను ఎక్కువగా తినేస్తుంది.

పదమూడో సాయంత్రం బొమ్మ వచ్చింది. నాణ్యత తగ్గించి, లోపల ఒక ఫైలు మార్చి ఆయన సాధించాడు. పనస మొద్దుల గుట్ట, ఎండ, ఒక కోడి. నేను ఇరవై మూడో నిమిషానికి జరపబోయాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు. “ఆగు బావా. అక్క నేకండ మనం సూడ్డం తప్పు.” వదిన ఆ రోజు గరివిడిలో చెల్లెలి ఇంట్లో ఉంది, మూడో రోజుకు వస్తుంది. నిజమేననిపించి ఆపేశాను.

వదిన వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. తెర మీద కొత్త మాట: ఈ అకౌంటు మీద ఎక్కువ స్క్రీన్లు నడుస్తున్నాయి.

మా చందాకు ఒకేసారి రెండు స్క్రీన్లు. మా ఇంట్లో ఉన్నవి ఈ పెట్టె, నా ఫోను. నా ఫోను ఆపేశాను. అదే మాట. మర్నాడూ అదే. పొద్దున్న డ్యూటీకి వెళ్లేముందు చూశాను, అప్పుడూ అదే. బావ ప్రతి సాయంత్రం వచ్చి నాతో సమానంగా వెతికాడు. సగం పీకించాడు. వైఫై మార్పించాడు. మా ఆవిడ ఫోనులో ఆ యాప్ లేదని తెలిసి కూడా ఆమె ఫోను ఆపించాడు. “కంపెనీ కాడే ఏదో తేడా బావా” అన్నాడు. తప్పు మన దగ్గరే ఉంటుందనే మనిషి, మొదటిసారి ఊరిని ముందు అన్నాడు. నేను పట్టించుకోలేదు.

నాలుగో రోజున, “పాస్‌వర్డు మార్చేస్తాను బావా. ఎవరైనా దొంగతనంగా వాడుతుంటే పోతారు” అన్నాను.

ఆయన స్టూలు మీంచి గ్లాసు తీసి టీ మొత్తం తాగేశాడు. “వద్దు బావా. మార్సీసేవంటే ఈ పెట్టెకి మళ్లీ మొదట్నుంచీ అన్నీ ఎట్టాల. మళ్లీ పదమూడు రోజులు. నెలాఖరు దాటిపోతాది. అక్క మాటేటి?”

నోటుపుస్తకంలో ఆ వరస ఉంది: పాస్‌వర్డు మార్పు, వద్దు, బావ. పాస్‌వర్డు మారిస్తే పెట్టెలో కొత్తది కొట్టుకోవడానికి ఒక నిమిషం పడుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆ ఒక్క నిమిషం అడ్డుపెట్టి మిగిలిన రోజులూ తినేశాడు. ఆ రోజుల్లో స్టూలు కింద సగం టీ గ్లాసు ఒక్కటి కూడా దొరకలేదని మా ఆవిడ అంది, అదీ తర్వాతే.

నెల చివరి రోజు మధ్యాహ్నం వేబ్రిడ్జి దగ్గర లారీ కాటా మీద ఉండగా మెయిలు వచ్చింది. మీ అకౌంటు చాలా ఇళ్లలో వాడుతున్నారు, నిలిపివేశాం. కింద పరికరాల జాబితా. అప్పటిదాకా ఆ పేజీ నేనెప్పుడూ తెరవలేదు. అకౌంటు పనులు ఆయన చూసేవాడు, నేను వరసలు రాసేవాణ్ణి. నా ఫోను కాక పది పరికరాలు. లాభం. టీవీ రెండు. టీవీ మూడు. ఎవరో దొంగలనుకున్నాను. నాలుగు, అయిదు, ఆరు. ఆ తర్వాత, ఇంగ్లీషు అక్షరాల్లో టీవీ, ఆరు, కూడిక గుర్తు, ఒకటి.

డ్రైవరు కిందనుంచి, “ఏటి బావూ, తూకం రాస్తన్నావా నేదా?” అని రెండుసార్లు అరిచాడట.

సాయంత్రం ఆరింటికి ఆయన మామూలుగా వచ్చాడు, చెవి మీద టెస్టరుతో. వదిన అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది, అదే ఇస్త్రీ చీరలో. నేను ఫోను ఆయన ముందు పెట్టి, ఆ వరస మీద వేలు ఉంచాను. తిట్టాలని, కొట్టాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఒక్కటే అడిగాను.

“బావా, ఏడు అని రాసి ఉంటే నాకు తెలిసేది కాదు కదా. ఎందుకు రాయలేదు?”

“అలగ రాస్తే ఆళ్ల ఇంటికి మంచిది కాదు గదేటి” అన్నాడు, తల ఎత్తకుండా.

ఎవరిదో ఆ ఇల్లు. దాని మంచి చూశాడు. నా ఎదురుగా కుర్చీలో మనిషి కూర్చునే ఉంది.

“ఏటైనాది తమ్ముడూ?” అని వదిన అడిగింది.

“ఏటీ నేదక్కా. కంపెనీవోడు ఆపీసినాడు.” టెస్టరు తీసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నాకు మాత్రమే వినిపించేలా, “కనెక్సన్లు పోతన్నాయి బావా. అందరూ ఫోన్లలోనే సూసుకుంతన్నారు. ఇది ఊరికే ఎడితే నా కేబులు ఉంచుకుంటారని...” అన్నాడు. వాక్యం పూర్తి చేయలేదు. నేను చేయించలేదు.

మా ఆవిడ నంబరుతో అప్పటికప్పుడు కొత్త అకౌంటు తెరిచాను. ఫోనులో ఆడింది. పెట్టెలో పెడితే, ఈ పరికరాన్ని నమ్మలేమని వచ్చింది. ఫోనును మళ్లీ కేబుల్‌తో టీవీకి తగిలించాను, మళ్లీ నలుపే. ఆ కేబులే నేను తెంపింది. వదినకు ఏ తీగ తెగిందో తెలియదు. “పోన్లే, ఒగ్గీయ్” అని లేచి వెళ్లి చీర మార్చుకుంది. మర్నాడు యాప్‌లో ఆ చిత్రం లేదు.

నెల తర్వాత మిఠాయి కొట్టామె నన్ను ఆపింది. “మీ అన్నగోరిని టీవీలో సూసినామండీ. కుండ మీద కొట్టి నవ్వినారు సూడండి, అచ్చం మనిషే ఒచ్చినట్టున్నాది. బావ ఎట్టిన పెట్టిలో. మా వరసలో నాలుగిళ్లోళ్లం సూసినాం.” లడ్డూలు పొట్లం కట్టి ఊరికే ఇచ్చింది. నాలుగిళ్లు. బొబ్బిలిలో మా అన్నయ్య ఇరవై ఎనిమిది నిమిషాలు తిరిగాడు. మా ఇంటికి రాలేదు.

ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు, నేనూ తిరిగేవాణ్ణి. తర్వాత కేబుల్ వదిలేసి కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు. వదినకు నేను ఏమీ చెప్పలేదు. చెబితే ఆమెకు ఇంకొకటి పోతుందనిపించింది. వానలు వెళ్లాయి. ఆమెకు ఇప్పుడు కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ చిత్రం కోసం వెతుకుతాను. ఒకవేళ వచ్చినా చూపించడానికి కళ్లు లేవు. అయినా వెతుకుతాను.

వంకాయలు తెచ్చిన రోజు, ఆయన పోయాడని ఆమెకు చెప్పక తప్పలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “మంచోడు. పంతొమ్మిది దినాలు తిరిగినాడు మీ అన్న కోసం. సొంత తమ్ముడైనా తిరుగుతాడేటి?” అంది. సొంత మరిదిని, పక్కనే కూర్చుని విన్నాను.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది. “అందులో ఎంతసేపు ఉంటాడన్నావు మీ అన్న?”

“ఏడు నిమిషాలు వదినా.”

“అదేటి, అలగ అనీసినావు. తమ్ముడైతే ఆరున్నొకటి అనీవోడు.”

లేచి వెళ్లి నోటుపుస్తకం తీశాను. వరసలన్నిటి కింద, ఆయన మాకు బాకీపడ్డ నిమిషాల కోసం గీసుకున్న గడి ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంచాను. ఇరవై మూడు నుంచి ముప్ఫై దాకా మళ్లీ ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టి, అంకెలో కాకుండా అక్షరాల్లో నింపాను.

ఏడు.